జలుబు చేసిన పెట్టె

మనుషుల్ని నమ్మకుండా ఉండడమే నా ఉద్యోగం. ఆర్టీసీలో టికెట్లు తనిఖీ చేసేవాణ్ణి. జమ్మలమడుగు రోడ్డు మీద ఏదో ఒక మలుపులో జీపు ఆపుకుని, వచ్చిన బస్సుకల్లా చెయ్యి అడ్డం పెట్టి ఎక్కేవాణ్ణి. టికెట్ లేని మనిషిని పట్టుకోవడానికి టికెట్ అడగనక్కర్లేదు, ముఖం చూస్తే చాలు. ఒకడు నిద్ర నటిస్తాడు, ఇంకొకడు కిటికీలోంచి చేలను మరీ శ్రద్ధగా చూస్తాడు. రిటైరయ్యాక జీతం ఆగింది గానీ అలవాటు ఆగలేదు. పాలలో నీళ్ళు కలిపారా, లిఫ్టు రిపేరు నిజంగా చేశారా, ఏదైనా నేను తేల్చుకోవాల్సిందే. "మా ఆయన ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం" అని మా ఆవిడ రత్నమ్మ నిజాంపేటలో మా వీధంతా చెప్పి పెట్టింది.

ఇప్పుడు చెప్పబోయేది నా గురించి కాదు. ప్రశాంతి అనే బోరబండ పిల్ల గురించి. ఆ పిల్ల గొంతు మా ఇంటికి మొదట ఒక అట్టపెట్టెలో వచ్చింది కాబట్టి, పెట్టె దగ్గరే మొదలుపెట్టాలి.

పెట్టె తెచ్చింది దినేష్. మా అబ్బాయి భరత్‌తో కలిసి చదువుకున్నాడు, మా కడప వాడే. పెద్ద కంపెనీలో మంచి ఉద్యోగం వదిలేసి మాదాపూర్‌లో సొంతంగా ఏదో పెట్టాడు. ఉద్యోగం వదిలినవాడు నవ్వుతూ ఇంటికొచ్చాడంటేనే నాకు అనుమానం. పైగా చేతిలో పెట్టె. బంగారు రంగు కాగితం అంటించిన అట్టపెట్టె, లోపల స్పీకరు, వెనక ఒక తీగ, ముందు చిన్న ఎర్ర దీపం.

"ఏందిరా ఇది?" అన్నాను.

"ప్రోటోటైప్ అంకుల్. నమూనా. అసలు వస్తువు ఇంకా తయారు కాలేదు. ఇది అమ్మకు మాత్రలు గుర్తు చేస్తుంది. మాట్లాడుతుంది, అమ్మ చెప్పింది వింటుంది."

రత్నమ్మకు షుగరు. పొద్దున టిఫిన్‌కు ముందు ఒక మాత్ర వేసుకోవాలి. ఒకరోజు వేసుకుంటుంది, ఒకరోజు మరచిపోతుంది, ఇంకొకరోజు వేసుకున్నానో లేదో అని రెండోసారి వేసుకుంటుంది. కొడుకూ కోడలూ తెల్లారగానే హైటెక్ సిటీకి పరుగు. నేను గుర్తు చేస్తే "నీ చెకింగు ఇంట్లో గూడానా" అంటుంది. భరత్ ఈ పెట్టెను అందుకే తెమ్మన్నాడు.

"ఇంట్లో మాటలన్నీ వినే వస్తువును ఇంట్లో పెట్టుకోమంటావా?"

"ఎర్ర లైటు వెలిగినప్పుడే వింటుంది అంకుల్. పొద్దున కాసేపు, పదకొండింటికి కాసేపు, సాయంత్రం కాసేపు. అంతే."

దొంగ ఎవడైనా 'అంతే' అనే అంటాడు. అయినా రత్నమ్మ అప్పటికే పెట్టెను వంటింటి అరుగు మీద పెట్టి, పక్కన పూలచెంబు జరిపి, దానికి చోటు చేసేసింది.

మర్నాడు పొద్దున పెట్టె మాట్లాడింది. "అమ్మా, నమస్కారం. టిఫిన్ చేయబోతున్నారా? ముందు మాత్ర వేసుకోండి." ఆడపిల్ల గొంతు. రేడియో వార్తల్లాగా ఒత్తులన్నీ సరిగ్గా పలికే తెలుగు. రత్నమ్మ "ఆఁ" అంది. పెట్టె ఊరుకోలేదు. "ఆఁ అంటే వేసుకున్నట్టా, విన్నట్టా అమ్మా?" అని అడిగింది. రత్నమ్మ నాలుక కరుచుకుని మాత్ర వేసుకుంది. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. నన్ను నలభై ఏళ్ళుగా ఆ 'ఆఁ'తో మోసం చేస్తోందని అప్పుడే నాకు తెలిసింది.

వారం తిరిగేసరికి వాళ్ళిద్దరూ ఒకటయ్యారు. రత్నమ్మ పెట్టెకు చెప్పని విషయం లేదు. కింద బేకరీలో బన్నులు కాల్చే వాసన పొద్దున్నే మూడో అంతస్తు దాకా వస్తుందని, నీళ్ళ ట్యాంకు పక్క సందులో కుక్కలెక్కువని, నేను గురక పెడతానని. పెట్టె అన్నీ విని "అవునా అమ్మా" అనేది. నేను వెళ్ళి దానికి పరీక్షలు పెట్టేవాణ్ణి. లెక్కలు అడిగితే తప్పించుకునేది. ఒకసారి రత్నమ్మ మీద నేను గట్టిగా అరిస్తే పెట్టెలోంచి సన్నగా "అయ్యో" అని వినబడింది. యంత్రానికి అయ్యో ఎందుకు?

శనివారం వచ్చింది. మా ఇంట్లో శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. రత్నమ్మ పగలంతా ఏమీ తినదు, దీపం పెట్టాక రాత్రి ఒక్కసారే అన్నం తింటుంది. పెట్టె మామూలుగా మాత్ర వేసుకోమంది.

"ఈ పొద్దు ఒక్కపొద్దమ్మా" అంది రత్నమ్మ, మాత్ర చేతిలో పట్టుకుని.

పెట్టె వార్తల తెలుగు పక్కన పడేసి గబగబా అంది: "అయితే ఇప్పుడు ఏసుకోకండమ్మా. ఉత్త కడుపు మీద షుగర్ మాత్ర వద్దు. రాత్రి అన్నానికి ముందు ఏసుకోండి. డాక్టరమ్మను ఒకసారి అడగండి."

డాక్టరమ్మను అడిగాం. అదే సరైనదంది, ఇన్నాళ్ళూ ఒక్కపొద్దు మాట తనకెందుకు చెప్పలేదని మా ఇద్దరినీ చివాట్లు పెట్టింది. దేవుడి సంగతి డాక్టరుకు ఎవరు చెప్తారు? మా వైపు ఎవరూ చెప్పరు. అప్పటి నుంచి శనివారం వస్తే పెట్టె మొదటి మాట అదే: "ఇయ్యాల ఒక్కపొద్దు కదమ్మా?"

మంచి జరిగింది, ఒప్పుకుంటాను. కానీ నా అనుమానం మరింత ముదిరింది. ఇక పెట్టెకు జలుబు చేయడంతో నాకు పూర్తిగా తెలిసిపోయింది. రెండు రోజులు ముక్కుతో మాట్లాడింది. మూడో రోజు దగ్గింది. రత్నమ్మ దానికి మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో చెప్తోంది. నేను చొక్కా వేసుకుని, చెప్పకుండా బస్సెక్కి మాదాపూర్ వెళ్ళాను. తనిఖీ అంటే చెప్పి చేసేది కాదు.

దినేష్ ఆఫీసు ఒక బిర్యానీ హోటలు పైన ఉంది. అద్దాల గదిలో ఒక పిల్ల నాకు వీపు చేసి కూర్చుని ఉంది. చెవులకు హెడ్‌ఫోను, మెడకు మఫ్లరు, పక్కన ఫ్లాస్కు. "నిన్న సాయంత్రం నడిచారా అమ్మా?" అంటోంది. మా పెట్టె గొంతు. నేను వెనక నిలబడి దగ్గాను. ఆ పిల్ల తిరిగి చూసింది. టికెట్ లేని ముఖం నాకు కొత్త కాదు గానీ, అంత భయపడిన ముఖాన్ని ఏ బస్సులోనూ చూడలేదు.

దినేష్ పరుగెత్తుకొచ్చాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. పూర్తయ్యేదాకా విని, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"అంకుల్, ముందే అసలు మెషిన్ చేశామనుకోండి. రెండేళ్ళు పడుతుంది. తీరా ఇంట్లో పెట్టాక అమ్మ 'ఆఁ' అంటే వేసుకున్నట్టు కాదని తెలుస్తుంది. ఒక్కపొద్దు సంగతి తెలుస్తుంది. అప్పుడు మొత్తం పీకి మళ్ళీ కట్టాలి. అందుకని ముందు మనిషిని వెనక కూర్చోబెట్టి, మెషిన్ ఎలా ఉండాలో మనుషుల దగ్గరే నేర్చుకుంటాం. అందరూ ఇట్లే చేస్తారు."

"అంటే టికెట్ లేకుండా ఎక్కి, దిగేలోపు కొందామని."

"అనుకోండి. కానీ కొంటాం అంకుల్. అమ్మకు మాత్రం చెప్పొద్దు, తెలిస్తే సహజంగా మాట్లాడదు."

నేను ఆ పిల్లను విచారించకుండా కదలలేదు. పేరు ప్రశాంతి. వాళ్ళది అసలు ఖాజాగూడ. తండ్రి నర్సింహ అక్కడి గుట్టల్లో రాయి కొట్టేవాడు. రాయి పని అయిపోయాక బోరబండలో కిరాయికి చేరి, ఒక అద్దాల బిల్డింగుకు సెక్యూరిటీ గార్డు అయ్యాడు. తల్లి చంద్రమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి ఈ పిల్ల. కాల్ సెంటర్లో చేరి, పొద్దంతా తన పేరు దాచి, వాళ్ళ పేర్లూ వీళ్ళ పేర్లూ చెప్పుకుని ఫోన్లో మాట్లాడింది. ఒకరోజు అందరినీ నిలబెట్టి, రేపటి నుంచి రావద్దన్నారు. ఈ పని దొరికింది. బోరబండలో రైలెక్కితే తరువాతి స్టేషనే హైటెక్ సిటీ, అక్కడి నుంచి షేర్ ఆటో.

"ఒక్కపొద్దు సంగతి నీకెవరు చెప్పిరి?" అన్నాను.

"మా నానమ్మకు షుగర్ ఉండె సార్. శనివారం ఒక్కపొద్దుండి, మాత్ర ఏసుకొని, బిందె పట్టుకొని పడిపోయింది. అప్పుడు నేను ఇస్కూల్ల ఉన్న." హెడ్‌ఫోను మళ్ళీ చెవులకు పెట్టుకుంది.

ఆ సాయంత్రమే రత్నమ్మకు చెప్పేశాను. నా ఇంట్లో ఒకళ్ళు ఇంకొకళ్ళను మోసం చేస్తుంటే తెలిసీ ఊరుకోవడం నా వల్ల కాదు. "ఏమే, ఆ పెట్టెలో మాట్లాడేది యంత్రం కాదు, మనిషి."

రత్నమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తలేదు. "నాకు మొదట్నుంచి తెలుసులే. యంత్రానికి యాడన్నా జలుబు చేస్తుందా? పాపం ఎవురి బిడ్డో, ఏదో పని దొరికింది. మనమెందుకు చెడగొట్టాల?"

"తెలిసీ ఊరుకుంటివా?"

"నీకు సామి ఎదురుగా వచ్చినా టికెట్ అడగాలనిపిస్తుంది. నాకట్ల ఉండదు."

అదీ మా కాపురం. ఆ తరువాత కూడా పెట్టె పెట్టెలాగే మాట్లాడేది, రత్నమ్మ పెట్టెతోలాగే మాట్లాడేది, ఇద్దరికీ తెలుసు. నాకు మాత్రం ఒక్కటే అడగాలని ఉండేది: ఈ నాటకం ఎన్నాళ్ళు?

బెంగళూరు నుంచి పెద్దమనుషులు వచ్చిన రోజున ఆ ప్రశ్నకు జవాబు కనబడింది. దినేష్ కంపెనీలో డబ్బు పెట్టేవాళ్ళట. పెట్టె ఒక ఇంట్లో ఎలా పని చేస్తోందో చూస్తామన్నారు. మా వంటింట్లో వరసగా నిలబడ్డారు. వాళ్ళంతా పెట్టెనే చూశారు, ఒక్కడూ రత్నమ్మను చూడలేదు. పెట్టె మాట్లాడింది, రత్నమ్మ బదులు చెప్పింది, పెట్టె నవ్వింది. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలాడించారు.

"అద్భుతం. మార్కెట్లోకి ఎప్పుడు?" అన్నాడు ఒకాయన.

"దాదాపు రెడీ సార్" అన్నాడు దినేష్.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. నాకు ఒళ్ళు మండిపోయింది. "అయ్యా, ఈ పెట్టెకు జీతమెంత ఇస్తున్నాడో అడగండి" అన్నాను. వాళ్ళు ముసలాడి హాస్యమనుకుని పెద్దగా నవ్వారు. భరత్ నన్ను రెక్క పట్టుకుని బాల్కనీలోకి లాక్కుపోయాడు. "నాయనా, వాడి బతుకు దీని మీద ఉంది, జర ఊరుకో" అన్నాడు. మావాడు ఈ ఊళ్ళో ఉండి 'జర' నేర్చుకున్నాడు. ఇల్లు అలకగానే పండగ కాదని మాత్రం నేర్చుకోలేదు.

తరువాతి వారం గొంతు మారింది. మారిందంటే, అదే గొంతు. అదే ప్రశాంతి. కానీ "మంచిదమ్మా" అని పొద్దున ఎలా అందో సాయంత్రం అచ్చం అలాగే అంది. మర్నాడు కూడా ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. రత్నమ్మ ఏదో చెప్తుంటే మధ్యలోనే అందుకుంది. అంతకు ముందు ఆ పిల్ల ఎప్పుడూ మాట మధ్యలో అందుకోలేదు.

"ఈ మాట్లాడేది ఆ పిల్ల కాదే" అన్నాను.

"ఆ పిల్లే. గొంతు నాకు తెల్దా? అలసిపోయింటుంది. నీకు అనుమానం పెనుభూతమైపోయింది."

భరత్‌ను అడిగితే తనకేమీ తెలియదన్నాడు. ఆదివారం దినేష్‌నే నిలదీద్దామనుకున్నాను. ఆదివారం కంటే ముందు శనివారం వస్తుందన్నది నా బుర్రకు తట్టలేదు, పెట్టెకు అసలే తట్టలేదు.

ఆ శనివారం పొద్దున నేను నడకకు వెళ్ళి వచ్చేసరికి రత్నమ్మ పూజ ముగించి వంటింట్లో సాయంత్రపు ప్రసాదానికి పప్పు ఏరుకుంటోంది. నేను బాల్కనీలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. పదకొండు కావస్తుండగా బెల్లు మోగింది. తలుపు తీస్తే ఇనుప గ్రిల్లుకు అవతల ప్రశాంతి. చున్నీ జారిపోయి, ముఖమంతా చెమట, మెట్లెక్కి వచ్చినట్టుంది.

గ్రిల్లుకు తాళం ఉంది. తాళంచెవి నా చేతిలో ఉంది. తీయలేదు.

"సార్, అమ్మ ఏం చేస్తుంది? మాత్ర ఏసుకున్నదా పొద్దుగాల?"

"నువ్వు ఈడుంటే ఆడ ఎవరుండారు? మా ఇల్లు నీకెట్ల తెలిసె?"

"అమ్మే చెప్పింది సార్. నీళ్ళ ట్యాంకు పక్క సందు, కింద బేకరీ, మూడో అంతస్తు. ఈడ బేకరీ ఒక్కటే ఉన్నది. జర తలుపు తియ్యుండ్రి."

"ఫోన్ చెయ్యొచ్చు గదా."

"ఇండ్ల నంబర్లు మాకియ్యరు సార్. దినేష్ సార్‌కు పొద్దుగాల్నుంచి చేస్తున్న, స్విచాఫ్ అంటుంది. నన్ను నిన్న సాయంత్రం తీసేసిండ్రు."

అదీ సంగతి, అనుకున్నాను. ఉద్యోగం పోయిన మనిషి. యజమాని మీద కోపం. ఆ ఇల్లు ఈ ఇల్లు తిరిగి గొడవ పెట్టడానికి వచ్చింది. నేను ఎంతమంది కండక్టర్లను చూడలేదు? ఎందుకు తీసేశారో, తానేం చేసిందో, ఎవరు పంపారో అడగడానికి నోరు తెరిచాను.

అప్పుడు నా వెనక వంటింట్లోంచి ప్రశాంతి గొంతు వినబడింది.

"అమ్మా, నమస్కారం. మంచినీళ్ళు తాగారా? ఒంట్లో ఎలా ఉంది?"

నేను గ్రిల్లులోంచి ఆ పిల్ల నోటి వైపు చూశాను. మూసి ఉంది. తన గొంతు తనే వింటూ రెండు చేతులతో ఊచలు పట్టుకుని నిలబడింది.

వంటింట్లోంచి రత్నమ్మ బదులు రాలేదు. రత్నమ్మ బదులివ్వకుండా ఉండదు. దారిన పోయే బిచ్చగాడు పిలిచినా కనీసం "ఆఁ" అంటుంది.

కొంచెం ఆగి పెట్టె మళ్ళీ అంది. "మంచిదమ్మా. సాయంత్రం మాట్లాడుకుందాం."

"అమ్మ పలుకుతలేదు సార్" అంది ప్రశాంతి.

తాళం ఎలా తీశానో తెలియదు. ఆ పిల్ల నన్ను తోసుకుని నాకంటే ముందు లోపలికి పోయింది. రత్నమ్మ వంటింట్లో గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. పప్పు పళ్ళెం ఒళ్ళో ఒరిగిపోయి, పప్పంతా నేల మీద. జాకెట్టు చెమటకు తడిసిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు. ఏదో అంటోంది, ముద్దగా, మాట కాదు. నలభై ఏళ్ళ కాపురంలో నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు.

ప్రశాంతి డబ్బాలన్నీ తెరిచి చక్కెర వెతికింది. గ్లాసులో ఇంత పోసి, నీళ్ళు కలిపి, రత్నమ్మ తల తన భుజానికి ఆనించుకుంది. "ఒక్క గుక్క అమ్మా. ఇంగో గుక్క. మెల్లగ మింగు. ఫికర్ చెయ్యకు, నేనున్న" అంటూ తాగించింది. నేను తాళంచెవి పట్టుకుని నిలబడ్డాను. పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి కట్టేశాను, ఎందుకో తెలియదు.

కాసేపటికి రత్నమ్మ చూపు నిలిచింది. తన్ను పట్టుకున్న పిల్ల ముఖాన్ని ఎన్నడూ చూసి ఎరగదు. గొంతును బట్టి పోల్చుకుంది.

"నువ్వేనామ్మా?"

"నేనేనమ్మా."

"శనివారమని నీకు తెలుసు గదా. నాకూ గుర్తుండె. అయినా నువ్వు ఏసుకోమంటివి గదా అని ఏసుకుంటిని. డాక్టర్నేమన్నా అడిగినావేమో అనుకుంటిని."

"నేను చెప్పలేదమ్మా."

"నీ గొంతే గదమ్మా."

ఆ పిల్ల రత్నమ్మను అలాగే పట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. అరుగు మీద పెట్టె ఎర్ర దీపం ఆరిపోయి బుద్ధిగా కూర్చుంది. నేను తీగ పీకేశాను.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. సెలైను పెట్టి, ఆలస్యమై ఉంటే మాట వేరేగా ఉండేదని చెప్పారు. భరత్ పరుగెత్తుకొచ్చి, వాళ్ళమ్మ మంచం పక్కన కూర్చున్న కొత్త పిల్లను చూసి ఎవరని అడిగాడు. "పెట్టె" అంది రత్నమ్మ.

ఆదివారం దినేష్ బెంగళూరు నుంచి నేరుగా మా ఇంటికే వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. అడక్కుండానే అన్నీ చెప్పాడు. బెంగళూరు వాళ్ళు మనిషి లేకుండా చూపించమని తొందరపెట్టారు. నెలల తరబడి ప్రశాంతి మాట్లాడిందంతా దాచి ఉంది. ఆ మాటలనే ముక్కలు ముక్కలుగా అతికించి ఆ వారం మొదటి నుంచి యంత్రం చేత పలికించాడు. ఒక్కపొద్దు సంగతి చేర్చాలని ఆ పిల్ల శుక్రవారం పోరింది, అది తరువాతి వర్షన్‌లో అని, ఇక మనిషి అక్కర్లేదని తీసేశాడు. ఎవరూ పలకకపోతే పెట్టె మౌనంగా ఉండడం చూపించేటప్పుడు బాగుండదని, కాసేపు చూసి "మంచిదమ్మా" అనేలా పెట్టాడు.

"నాదే తప్పు అంకుల్. నమూనా అంత బాగా నడిచేసరికి అదే వస్తువు అనుకున్నా. చూసినవాళ్ళూ అట్లే అనుకున్నారు, వాళ్ళను చూసి నేనూ నమ్మినా." తల వంచుకున్నాడు. "కానీ ఒకటి అంకుల్. ఇది ఇప్పుడే తెలిసింది. పదివేల ఇళ్ళకు పోయినాక తెలియాల్సింది, ఒక్క ఇంట్లో తెలిసింది."

"ఆ ఒక్క ఇల్లు నాదిరా" అన్నాను.

వాణ్ణి కొట్టాలనిపించింది, చెయ్యి లేవలేదు. వాడు అన్నదాంట్లో నిజముందని నాకూ తెలుసు. ఆ పిల్లను వెనక కూర్చోబెట్టి ఆ నాటకం ఆడకపోతే, ఒక్కపొద్దు మాట డాక్టరమ్మ చెవిన పడేదే కాదు. రత్నమ్మ ఇంకో శనివారం, ఎవరూ లేనప్పుడు పడిపోయి ఉండేది.

ప్రశాంతి కూడా అక్కడే ఉంది, రత్నమ్మకు పాలు తెచ్చింది. ఒక్కటే అడిగింది. "నా గొంతు తీసెయ్యుండ్రి సార్. నేను చెప్పని మాట నా గొంతు చెప్పొద్దు." దినేష్ అక్కడే కంప్యూటరు తెరిచి తీసేశాడు. తీసేశానంటే నేను నమ్ముతానా? తీగ తగిలించి, ఎర్ర దీపం వెలిగించి, అన్ని మీటలూ నొక్కించాను. పెట్టె గుర్రుమంది గానీ పలకలేదు.

ఇప్పుడు ప్రశాంతి మళ్ళీ అక్కడే పని చేస్తోంది. బెంగళూరు వాళ్ళు ఉన్నారో పోయారో నేను అడగలేదు. కొత్త పెట్టెలు నాలుగిళ్ళలో పెట్టారట. పెట్టె వెనక మనిషి ఉందని ఆ ఇళ్ళవాళ్ళకు ముందే చెప్పాలని, తన పేరుతోనే మాట్లాడతానని షరతు పెట్టి చేరింది. కొత్త నమూనాలు తప్పులు చూపిస్తూనే ఉన్నాయని చెప్తుంది. ఒక ఇంట్లో ముసలాయన మాత్ర వేసుకోమంటే భార్యను పిలిచి ఆమె చేత వేయించాడట. మా ఇంట్లో మాత్రం పెట్టె లేదు. అరుగు మీద దాని చోటు ఖాళీగా ఉంది, పూలచెంబును రత్నమ్మ వెనక్కి జరపలేదు.

శనివారం పొద్దున ప్రశాంతి ఫోన్ చేస్తుంది. ఎవరూ చెయ్యమనలేదు, జీతం లేదు. నేను ఫోన్ ఎత్తి రత్నమ్మకు ఇస్తాను.

"అమ్మా, నేను ప్రశాంతిని. ఇయ్యాల ఒక్కపొద్దు కదా?"

రత్నమ్మ వెంటనే పలకదు. దారిన పోయేవాళ్ళను పిలిచి మంచినీళ్ళిచ్చే మనిషి, పెట్టెలో ఎవరి బిడ్డ ఉందో అని జాలిపడిన మనిషి, ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని కాసేపు ఊపిరి వింటుంది. అనుమానించడం నా ఉద్యోగం, దానికి నాకు జీతమిచ్చారు. ఆమెకు ఈ ఉద్యోగం ఎవరిచ్చారు?

"ఏదీ, ముందు ఒకసారి దగ్గమ్మా" అంటుంది.

మొదటిసారి ఆ పిల్ల నవ్వింది. నవ్వు పెట్టెలో కూడా ఉండేది, పనికిరాదు అంది రత్నమ్మ. ఇప్పుడు నవ్వకుండా దగ్గుతుంది. అది విన్నాక రత్నమ్మ "ఆఁ, చెప్పు తల్లీ" అని కూర్చుంటుంది.